చేయి కలపడం వేరు, చేయి చాపడం వేరు

(నెల్లూరు తీరంలోని ఒక పల్లెలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సభ పెట్టిన తమ్ముళ్ళు నా దగ్గరికొచ్చి, "అన్నా, ఈసారి దేశ విదేశాంగ విధానం మీద మాట్లాడాల" అన్నారు. నేను ముందు ఒప్పుకోలేదు. మన పల్లెలకు శ్మశానం దారి లేదు. గుంటల మీద కూలి పెరగదు. పోరంబోకులో వేసుకున్న గుడిసెకు పట్టా రాదు. ఇవన్నీ ఇట్లా పెట్టుకొని అమెరికా సంగతి, రష్యా సంగతి మనకేంది అనుకున్నాను. ఇంటికి పోయి ఆలోచిస్తే తప్పు నాదేనని తెలిసొచ్చింది. "పెద్ద విషయాలు పెద్దోళ్ళకు, మీకు మీ వాడ విషయాలు చాలు" అని మనల్ని ఇన్నాళ్ళూ కూర్చోబెట్టిన మాటే నేనూ అన్నాను.

నిజానికి ఈ తీరానికి తగిలినంతగా విదేశాంగ విధానం ఇంకెవరికి తగులుతుంది? మనకు దక్షిణాన శ్రీహరికోట. అక్కడ రాకెట్టు లేచిన రోజు మన ఇళ్ళ కిటికీలు అదురుతాయి, వేటకు పోవద్దని దండోరా వస్తుంది. ఇవతల కృష్ణపట్నం రేవు. ఈ రెంటి మధ్యా కంటికానినంత మేర రొయ్యల గుంటలు. రాకెట్టు కోసం ఏ దేశంతో చేయి కలిపారో, రొయ్యను ఏ దేశానికి అమ్ముతున్నారో, దాన్నిబట్టి ఈ పల్లెలో పొయ్యి వెలుగుతుంది, ఆరుతుంది. మరి మనం మాట్లాడకపోతే ఎట్లా?

ఢిల్లీలో ఇప్పుడు రెండు పెద్ద మాటలు నడుస్తున్నాయి. ఒకటి వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి. అంటే ఎవడి చెప్పుచేతల్లోనూ ఉండకుండా మన నిర్ణయం మనం తీసుకోవడం. రెండోది బహుపాక్షిక భాగస్వామ్యం. అంటే నలుగురితో కూటమి కట్టి పని జరుపుకోవడం. ఒక పక్క అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో క్వాడ్. ఇంకో పక్క రష్యా, చైనాలు ఉన్న బ్రిక్స్. రెండింటిలోనూ మన దేశం ఉంది. కొందరు దీన్ని తెలివి అంటారు, కొందరు రెండు పడవల మీద కాళ్ళు అంటారు. నేను ఆ తగాదాలోకి పోను. ఈ రెండు మాటల్నీ మన తీరం మీద పెట్టి చూద్దాం. స్వతంత్రం ఎవరి చేతిలో ఉంది, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడింది, అదీ నేను అడగదలుచుకున్నది.

బాబాసాహెబ్ ఏం కొలత పెట్టారు?

విదేశాంగ విధానం దళితుల విషయం కాదనేవాళ్ళకు బాబాసాహెబే జవాబు చెప్పి పోయారు. 1951లో ఆయన కేంద్ర న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. హిందూ కోడ్ బిల్లు కోసం చేశారని మనందరికీ తెలుసు. నిజమే. కానీ ఆయన బయటపెట్టిన ప్రకటనలో ఇంకా కారణాలున్నాయి. వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులాలకు జరిగిన నిర్లక్ష్యం ఉంది. వాటి పక్కనే విదేశాంగ విధానం కూడా ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన రోజు అన్ని దేశాలూ మనకు మిత్రులేననీ, నాలుగేళ్ళు తిరిగేసరికి మిత్రులెవరూ మిగల్లేదనీ ఆయన బాధపడ్డారు. అక్కడితో ఊరుకోలేదు, లెక్క తీశారు. ఏటా వచ్చే 350 కోట్ల రూపాయల రాబడిలో సుమారు 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని చెప్పారు.

ఇందులో మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. దేశం గొప్పతనం గురించి అందరూ ఉపన్యాసాలిచ్చే రోజుల్లో ఆయన విదేశాంగ విధానాన్ని రూపాయలతో కొలిచారు. సగానికి పైగా సొమ్ము తుపాకులకు పోతే బడికెంత, మంచినీళ్ళ బావికెంత, భూమి లేనివాడికెంత? ఒంటరితనానికి ఖరీదుంది, ఆ ఖరీదు కట్టేది పేదోడు. ఇదీ ఆయన కొలత.

1954 ఆగస్టు 26న రాజ్యసభలో మళ్ళీ లేచారు. చైనాతో పంచశీల ఒప్పందం కుదిరి అప్పటికి నాలుగు నెలలే. ఊరంతా పండగ చేసుకుంటుంటే ఆయన, ఆ నమ్మకానికి ఆధారమేందని అడిగారు. టిబెట్టు విషయంలో మనం ఊరుకోవడమంటే చైనా సరిహద్దును మన గుమ్మం దాకా తెచ్చుకోవడమేనని హెచ్చరించారు. ఎనిమిదేళ్ళకు, 1962లో, యుద్ధం వచ్చింది. అలీనం, అలీనం అన్న నెహ్రూ గారే ఆ నవంబరులో అమెరికా అధ్యక్షుడికి సాయం కోసం ఉత్తరం రాయాల్సి వచ్చింది.

బాబాసాహెబ్ చెప్పిన ప్రతి మాటా ఈనాటికి అట్లాగే సరిపోతుందని నేను అనను. ఆయన మొగ్గు ప్రజాస్వామ్య దేశాల వైపు. ఈ డెబ్బై ఏళ్ళలో ఆ దేశాలేం చేశాయో మనం చూశాం. కానీ ఆయన కొలత మాత్రం పాతబడలేదు. ఉట్టి చేతులతో చేసే స్నేహం స్నేహం కాదు, యాచన. స్నేహితులు లేని పౌరుషమూ పౌరుషం కాదు, దండగ ఖర్చు.

యాచన ఎట్లా ఉంటుందో మన పెద్దోళ్ళు చూశారు. 1965, 66ల్లో వరుసగా కరువొచ్చింది. అమెరికా గోధుమల ఓడ వస్తేనే దేశంలో గింజ. వియత్నాం మీద అమెరికా బాంబులేస్తుంటే మన ప్రభుత్వం తప్పని అన్నది. దానికి జాన్సన్ దొరకు కోపమొచ్చింది. ఓడల్ని నెలనెలా లెక్కబెట్టి, బిగబట్టి పంపాడు. తిండికి చేయి చాపినవాడి నోట్లో మాట నిలవదు.

ముప్పై మూడేళ్ళ రాకెట్టు కథ

ఇప్పుడు శ్రీహరికోటకు వద్దాం. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మన పులికాటే, మన ఇసుకే.

ఈ దేశపు రాకెట్టు పని మొదటినుంచీ ఒంటరిగా సాగింది కాదు. 1963 నవంబరు 21న కేరళలోని తుంబాలో ఎగిరిన మొదటి రాకెట్టు అమెరికాది, అందులో పెట్టిన పరికరం ఫ్రాన్సుది. 1975లో ఆర్యభట్ట ఉపగ్రహాన్ని పైకి పంపింది సోవియట్ రాకెట్టు. శ్రీహరికోట నుంచి మన సొంత ఎస్‌ఎల్‌వీ-3ని 1979లో ఎగరేస్తే సముద్రంలో పడింది. 1980 జూలై 18న మళ్ళీ ఎగరేస్తే నిలిచింది.

బరువైన ఉపగ్రహాల్ని మోయాలంటే క్రయోజెనిక్ ఇంజన్ కావాలి. అంటే అతి చల్లగా ద్రవంగా మార్చిన హైడ్రోజన్, ఆక్సిజన్‌తో నడిచే ఇంజన్. 1991లో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో ఒప్పందం కుదిరింది. ఇంజన్లూ ఇస్తాం, చేసే విద్యా నేర్పుతాం అన్నారు. ఆ ఏడాది చివరికి సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1992 మేలో అమెరికా, ఇది క్షిపణుల టెక్నాలజీ అని చెప్పి ఇస్రో మీదా, ఆ సంస్థ మీదా రెండేళ్ళ ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా వెనక్కి తగ్గింది. ఇంజన్లు అమ్ముతాం గానీ విద్య నేర్పం అన్నది.

ఇది మనకు తెలియని కథా? చెప్పు కుట్టు, డప్పు కట్టు, కానీ అక్షరం మాత్రం ముట్టుకోవద్దు అన్నోళ్ళ కథే గదా ఇది. ఊళ్ళో పెద్దకులాలు మనకు చేసిందే ప్రపంచంలో పెద్ద దేశాలు ఈ దేశానికి చేశాయి.

అప్పుడు ఇస్రో రెండు పనులు చేసింది. కొన్న ఇంజన్లతో 2001 నుంచి రాకెట్లు ఎగరేస్తూ వచ్చింది. పక్కనే సొంత ఇంజన్ మీద పని ఆపలేదు. 2010 ఏప్రిల్‌లో సొంత ఇంజన్‌తో ఎగరేస్తే పోయింది. 2014 జనవరి 5న గెలిచింది. ఇక చివరి ముచ్చట వినండి. 2025 జూలై 30న ఇదే శ్రీహరికోట నుంచి, ఈ సొంత ఇంజన్ రాకెట్టు మీదే నిసార్ అనే ఉపగ్రహం లేచింది. ఒక రాడార్ అమెరికా నాసాది, ఇంకో రాడార్ ఇస్రోది. 1992లో ఆంక్షలు పెట్టిన దేశమే ముప్పై మూడేళ్ళ తర్వాత తన పరికరాన్ని తెచ్చి మన రాకెట్టులో కూర్చోబెట్టింది. విద్య మన చేతికొచ్చాక చేసిన స్నేహం ఇట్లా ఉంటుంది. చేయి కలపడమంటే ఇది.

దీవి ఇచ్చినవాళ్ళ లెక్క

దీన్ని చూసి గర్వపడాలా అంటే పడాల్సిందే. నేనూ పడతాను. కానీ ఇంకో లెక్క ఉంది. ఆ దీవి ఎవరిది?

ఆ దీవి అడివిలో యానాదులు తరతరాలుగా బతికారు. తేనె, దుంపలు, మూలికలు, చేపలు వాళ్ళ బతుకు. 1835లో కుంపిణీ ప్రభుత్వం మద్రాసు పట్నానికి వంటచెరుకు కోసం ఆ అడివిని చేతికి తీసుకుంది. కట్టె కొట్టి మోసింది ఈ యానాదులే. తెల్లోడే యానాదుల్లో కొందరిని నేరస్త తెగల చట్టం కింద పెట్టి పుట్టుకతోనే దొంగలని ముద్రేశాడు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకు గానీ, 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా పోలేదు. 1969లో రాకెట్ల కోసం దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. పల్లెలు లేచిపోయాయి. పట్నానికి పొయ్యి కావాల్సొస్తే ఆ దీవే, దేశానికి ఆకాశం కావాల్సొస్తే ఆ దీవే.

దేశం పెద్దోళ్ళ ముందు ఏమని అడిగింది? "మేం కొనుక్కునేవాళ్ళుగానే ఉండం, విద్య మాకూ కావాలి" అని అడిగింది. న్యాయమే. మరి అదే మాట దీవి ఇచ్చిన యానాది పిల్లోడు అడిగితే? "గేటు దగ్గర కాపలాగా, చెట్లకు నీళ్ళు పోసే కాంట్రాక్టు కూలీగానే ఉండను, ఆ రాకెట్టు విద్య నాకూ కావాలి" అంటే ఏం జవాబు? నిసార్ ఉపగ్రహం నేల సెంటీమీటరు కుంగినా పట్టేస్తుందంట. సంతోషం. పులికాటు ఒడ్డున పట్టా లేని గుడిసెను చూడ్డానికి అంత ఎత్తు అక్కరలేదు, కంటిచూపు చాలు.

రొయ్యకు అంటిన నూనె

రాకెట్టు పక్కన రొయ్యను పెట్టి చూడండి. ఒకే తీరం, రెండు దారులు.

ఈ గుంటలు 1990ల్లో మన మీదికొచ్చాయి. పొలాలు ఉప్పుబారాయి, తాగేనీళ్ళు చెడ్డాయి, సముద్రానికి పోయే దారులు మూసుకుపోయాయి. తీరపు జనం పోట్లాడితే 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరనియంత్రణ మండలంలోని రొయ్యల గుంటలు తీసెయ్యమన్నది. మూతపడే గుంటల్లో పనిచేసే కూలీలకు పరిహారం ఇవ్వమని కూడా చెప్పింది. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. తర్వాత 2005లో పార్లమెంటు చట్టం తెచ్చి గుంటలకు దారి తెరిచింది. 2009లో వనామీ వచ్చింది.

వనామీ మన నీటి రొయ్య కాదు. అది పసిఫిక్ సముద్రానిది. పిల్లను హేచరీల్లో పెంచుతారు గానీ, తల్లిరొయ్యలు ఎక్కువగా అమెరికా కంపెనీల దగ్గర్నుంచి విమానాల్లో రావాలి. పెరిగిన రొయ్యను మళ్ళీ ఎక్కువగా అమెరికాయే కొనాలి. 2024-25లో దేశం నుంచి సుమారు 7.4 లక్షల టన్నుల రొయ్య బయటికిపోతే, అందులో 3.1 లక్షల టన్నులు అమెరికాకే. తల్లి వాళ్ళది, తినే నోరు వాళ్ళది. మధ్యలో నేల మనది, ఉప్పునీళ్ళు మనవి, రాత్రి కాపలా మనది.

ఇట్లాంటప్పుడు ఏమైంది? 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మన దేశం రష్యా చమురు కొనడం పెంచింది. అంతకుముందు దిగుమతుల్లో నూటికి రెండో వంతు లేనిది మూడో వంతు దాకా పోయింది. మా చమురు ఎక్కడ కొనాలో మీరు చెప్పేదేందని ఢిల్లీ అన్నది. స్వయంప్రతిపత్తి అంటే అదే, తప్పనను. దానికి అమెరికా 2025 ఆగస్టులో బదులు తీర్చుకుంది. 7వ తేదీ నుంచి 25 శాతం సుంకం, రష్యా చమురు కొంటున్నందుకని 27వ తేదీ నుంచి ఇంకో 25 శాతం. మొత్తం 50. రొయ్య మీద పాత సుంకాలు వేరే. పోటీదారు ఈక్వెడారుకు అప్పుడు 15 శాతమే.

చమురు కొన్నదెవరు? పెద్ద పెద్ద రిఫైనరీలు. ఆ చౌక నూనె వల్ల మన బంకులో పెట్రోలు ఎంత తగ్గిందో మీకే తెలుసు. సుంకం తగిలిందెవరికి? రొయ్యకు. రొయ్యకంటే ఎగుమతి కంపెనీకి. కంపెనీ ఆ దెబ్బను తన దగ్గర ఉంచుకోదు. కౌంటు ధర తగ్గించి రైతు మీదికి తోస్తుంది. రైతు పంట వెయ్యడం తగ్గించి కింది వాడి మీదికి తోస్తాడు. అందరికంటే కింద ఎవరున్నారు? గుంట గట్టు మీద రేకుల షెడ్డులో కాపురముండే యానాది కుటుంబం. పట్టుబడికి పోయే మాల, మాదిగ కూలోళ్ళు. చల్లటి ప్లాంటులో వేళ్ళు కొంకర్లు పోతున్నా రొయ్య తలలు తీసే ఆడకూతుళ్ళు. వీళ్ళు తొయ్యడానికి ఇంక కింద ఎవరూ లేరు.

సుంకాలు ఎక్కుతాయి, దిగుతాయి. ఒక దొర పెంచినదాన్ని ఇంకో దొర దించుతాడు. కానీ మెట్లు మాత్రం అట్లాగే ఉంటాయి. ఆ మెట్లు కనపడకుండా విదేశాంగ విధానం గురించి ఎంత మాట్లాడినా అది సగం మాటే.

రాకెట్టుకు ఇరవై ఏళ్ళకు పైగా ఓపిక పట్టి సొంత ఇంజన్ చేసుకున్న దేశం, లక్షలాది మంది బతుకు ఆధారపడ్డ రొయ్యకు సొంత తల్లిని తయారు చేసుకోవడంలో ఎందుకు వెనకబడింది? మన సముద్రపు తెల్లరొయ్య మీద, చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ పనిచేస్తూనే ఉంది. దానికి రాకెట్టుకిచ్చిన పట్టుదలలో పదో వంతు ఇచ్చినా చాలు. అమ్మకం కూడా ఒక్క గుమ్మానికే ఎందుకు? 2025 జూలై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకమైంది. ఇట్లాంటివి ఇంకా కావాలి. నలుగురికి అమ్మేవాడి చేతిని ఒక్కడు విరవలేడు. కూటములతో స్వతంత్రం తగ్గిపోతుందని భయపడాల్సిన పనిలేదు. ఒక్కడి మీదే ఆధారపడినప్పుడు తగ్గుతుంది.

ఇంటి గుట్టు అనే మాట

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 1946లో, ఇంకా మనకు స్వాతంత్ర్యం రాకముందే, దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద సాగుతున్న వివక్షను మన దేశం ఐక్యరాజ్యసమితికి తీసుకుపోయింది. అది మా ఇంటి విషయం, మీరు అడగొద్దని దక్షిణాఫ్రికా అన్నది. మనిషికి జరిగే అవమానం ఎవరి ఇంటి విషయమూ కాదని మన దేశం వాదించింది, సభను ఒప్పించింది. గొప్ప పని.

యాభై ఐదేళ్ళ తర్వాత, 2001లో, అదే దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా ప్రపంచ మహాసభ జరిగింది. మన దళితులు అక్కడికి పోయి కులం గురించి కూడా రాయమన్నారు. అప్పుడు మన ప్రభుత్వం ఏమన్నది? కులం మా ఇంటి విషయం అన్నది. 1946లో దక్షిణాఫ్రికా అన్న మాటే.

కాబట్టి స్వయంప్రతిపత్తి అనే మాట విన్నప్పుడల్లా చప్పట్లు కొట్టొద్దు. పెద్ద దేశం కర్ర ఎత్తినప్పుడు అది డాలు. ఇంట్లో దెబ్బలు తిన్నవాడి నోరు మూసినప్పుడు అది గుడ్డ. ఏది ఏదో మనం చూసుకోవాలి.

మనం అడగాల్సింది

ఒకటి. దేశం తీసుకున్న నిర్ణయం వల్ల సుంకం పడితే, సాయం ఎగుమతి కంపెనీకీ గుంట ఆసామికీ ఇచ్చి ఆపొద్దు. కూలీకీ, కాపలాదారుకూ, ప్లాంటులోని ఆడవాళ్ళకూ పోయిన పనిదినాల కూలి ఇవ్వాలి. కూలీలకు పరిహారం అనేది కొత్త మాట కాదు, 1996లో సుప్రీంకోర్టు చెప్పిందే.

రెండు. దీవి పోగొట్టుకున్న కుటుంబాల వారసులకు ఇంటి పట్టా, వేట హక్కు, చదువు. రాకెట్టు విద్య నేర్చుకునే దాకా చదువు.

మూడు. వాణిజ్య ఒప్పందాలు సంతకమయ్యాక పేపర్లో చదవడం కాదు. ముందే పార్లమెంటులో చర్చించాలి. తీరపు పల్లెల మాట వినాలి.

నాలుగోది ప్రభుత్వాన్ని కాదు, మనల్ని మనం అడగాల్సింది. మన ఉద్యమానికీ ఇదే పరీక్ష. 1932లో పూనాలో బాబాసాహెబ్ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు, ఎదుటివాడి నిరాహారదీక్ష నెత్తిన కత్తిలా వేలాడుతుండగా. 1936లో ఆయన సొంత పార్టీ, ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. ఆ తర్వాత 1938 నవంబరు 7న బొంబాయిలో కమ్యూనిస్టులతో కలిసి కార్మికుల సమ్మె నడిపారు. మొదటిది మెడ మీద చేయి. రెండోది భుజం మీద చేయి. మధ్యలో వచ్చిన తేడా సొంత పార్టీయే.

1985లో కారంచేడు తర్వాత మనోళ్ళు దళిత మహాసభ కట్టుకున్నదీ ఆ ఎరుకతోనే. ఇప్పుడు మన తీరంలో పట్టపోళ్ళు ఉన్నారు, యానాదులు ఉన్నారు, చిన్న రైతులు ఉన్నారు, రేవులో కార్మికులు ఉన్నారు. అందరితో చేయి కలపాలి. మన సంఘం, మన పత్రిక, మన లెక్కల పుస్తకం మన దగ్గర ఉంచుకొని కలపాలి. ఎన్నికలప్పుడు వచ్చే పార్టీల ముందు చేయి చాపితే ఏమొస్తుందో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు, చూస్తూనే ఉన్నారు.

వచ్చే నెల నుంచి గుంటల మీదా, ప్లాంటుల్లోనూ పోయిన పనిదినాలు ఎన్నో ఇంటింటికీ పోయి రాద్దాం. బాబాసాహెబ్ 350 కోట్లలో 180 కోట్లని లెక్క చెప్పారు. మన లెక్క మన దగ్గర లేకుండా ఎవడి ముందు కూర్చున్నా అది చేయి చాపడమే అవుతుంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నోటుపుస్తకాలు తెచ్చుకోండి. ముందుగా ఈ పల్లెతోనే మొదలుపెడదాం.

జై భీమ్.